మన గుమ్మములోనికి వచ్చిన యౌవన మిషనెరీలు

రేడియో ప్రసంగాలు అచ్చువేసే ఈ పుటలలో ఈసారి వాక్యధ్యానమునకు బదులు కొంత చరిత్ర చెప్పుకుందాము. చరిత్ర అనగానే పుట తిప్పివేయకండి. ఇది మీ గుమ్మము ముందు ఎప్పుడో ఒకప్పుడు నిలబడే ఇద్దరు పిల్లల సంగతి.

హైదరాబాదులోనో విశాఖపట్నములోనో మీరు వారిని చూచియుంటారు. తెల్లచొక్కా, టై, ముదురురంగు ప్యాంటు, జేబు మీద నల్లని పేరుబిళ్ళ, భుజానికి సంచి. ఎప్పుడు చూచినా ఇద్దరే, ఒంటరిగా కనబడరు. ఇరవై ఏళ్ళు నిండీ నిండని ముఖాలు. కొందరు అమెరికా నుంచి వచ్చినవారు, కొందరు మన దేశపు పిల్లలే. వీరిని లోకమంతా మోర్మనులు అంటుంది. వారు మాత్రము 2018 నుంచి ఆ పేరు వద్దని, తమ సంఘాన్ని పూర్తి పేరుతో, అనగా యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమని పిలవమని అడుగుతున్నారు. పాత సంగతులు చెప్పుకుంటున్నాము కనుక మీకు తెలిసిన పేరునే నేను వాడతాను.

సిద్ధాంతము మాట ముందే చెప్పి ముగిస్తాను. ఈ సంఘమును జోసెఫ్ స్మిత్ 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో స్థాపించాడు. బైబిలుతోపాటు అదే సంవత్సరము అచ్చయిన మోర్మన్ గ్రంథమును కూడా వారు లేఖనముగా ఎంచుతారు. తమ సంఘ అధ్యక్షుని జీవించియున్న ప్రవక్త అంటారు. త్రిత్వమును మనము ఒప్పుకొనే రీతిగా ఒప్పుకొనరు. ఇవి చిన్న భేదములు కావు. ప్రొటెస్టెంటు సంఘ కాపరిగా నేను ఈ బోధను అంగీకరించలేను. అయితే బోధను తూచుట వేరు, ఆ బోధను మోసుకొని వచ్చిన పిల్లవాని బ్రతుకును చూచుట వేరు. ఈ వ్యాసము ఆ రెండవదానిని గూర్చి.

మా ఇబ్రహీంపట్నం సంఘములో ఒక తల్లి ఉన్నది. పట్నంలో కూతురి ఇంటికి పోయి వచ్చి, ఆదివారము ఆరాధన అయ్యాక నన్ను ఆపి అడిగింది: "అయ్యగారూ, గా టై కట్టుకున్న పిల్లలు ఇద్దరు మా బిడ్డ వాళ్ళ మెట్లెక్కి వచ్చిండ్రు. ఎండకు మొకాలు ఎర్రగయినయి. చెరొక గిలాస మజ్జిగ ఇచ్చిన. వాళ్ళు వేరే బోధోళ్ళని తర్వాత తెలిసింది. తప్పయిందా?"

ఆమె ఊరికే అడగలేదు. యోహాను రెండవ పత్రిక 10వ వచనము ఆమె చదివింది. క్రీస్తు బోధను తేని వానిని ఇంట చేర్చుకొనవద్దని, వందనము కూడా చెప్పవద్దని అపొస్తలుడు అక్కడ గట్టిగా హెచ్చరించాడు. అయితే ఆ కాలములో ఇల్లే సంఘము. ఊరూరా తిరిగే బోధకుని ఇంట చేర్చుకొనుట అంటే అతనికి ప్రసంగ పీఠము ఇచ్చి, దారిబత్తెము కట్టి, మరొక ఊరికి సాగనంపుట. ఎండలో వచ్చిన పరాయి బిడ్డకు మజ్జిగ ఇచ్చుట అందులోనికి రాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయమేమో ఆతిథ్యము మరువవద్దనే చెప్పుతున్నది. "తప్పేమీ లేదమ్మా, పీఠము ఇవ్వకుంటే చాలు" అన్నాను. ఆమె తృప్తిపడి వెళ్ళింది. నాకే ఆ తరువాత ఈ పిల్లలు ఎట్లా బ్రతుకుతారో చదివి తెలుసుకోవాలనిపించింది.

వారి దినచర్యను గమనించండి. 2004లో వారి సంఘము ప్రకటించిన పద్ధతి ప్రకారము ఉదయము 6.30కు లేవాలి. ప్రార్థన, అరగంట వ్యాయామము, స్నానము, ఫలహారము. 8 గంటలకు ఎవరికి వారు లేఖన పఠనము. 9 గంటలకు జతగానితో కలిసి పఠనము. పరభాష నేర్చుకొనేవారికి దాని మీద మరికొంత సమయము. 10 గంటలకు బయటికి. రాత్రి 9 గంటలకు గదికి చేరాలి, 10.30కు దీపము ఆర్పాలి. 2017లో ఈ వేళలను కొంత సడలించి, ఆయా దేశాల అలవాట్లను బట్టి మార్చుకోవచ్చునన్నారు. వారములో ఒక దినము, ఎక్కువచోట్ల సోమవారము, బట్టలు ఉతుకుకోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఇంటికి ఉత్తరము వ్రాయడానికి. సినిమా లేదు, టీవీ లేదు, ఆడపిల్లలతో స్నేహము లేదు. జతగాని విడిచి ఒక్కడే ఎక్కడికీ పోరాదు. ఆ జతగానిని తాను ఎంచుకొనడు. కొన్ని వారాలకో నెలలకో జత మారుతుంది, ఊరు మారుతుంది. మన ఇండ్లలో అన్నదమ్ములే ఒక గదిలో వారము దినాలు పోట్లాడకుండ ఉండలేరు. ఎన్నడూ చూడని మనిషితో ఇరవై నాలుగు గంటలూ ఉండుట తేలిక అనుకోకండి.

అంతకంటె కష్టము మరొకటి. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను చేయుటకు సంవత్సరానికి రెండే దినాలు: క్రిస్మసు, తల్లుల దినము. మిగిలిన కాలమంతా వారానికొక ఉత్తరము, ఆ తరువాత కాలములో ఈమెయిలు. ఇప్పుడు వారానికొకసారి మాట్లాడనిస్తున్నారు. మగపిల్లలకు 24 నెలలు, ఆడపిల్లలకు 18 నెలలు. 2012 అక్టోబరులో మగపిల్లల వయస్సును 19 నుంచి 18కి, ఆడపిల్లల వయస్సును 21 నుంచి 19కి తగ్గించారు. జీతము లేదు. పైగా ఖర్చు ఇంటివారే పెట్టుకోవాలి. అమెరికాలోని కుటుంబాలు 2003 నుంచి నెలకు 400 డాలర్లు కట్టేవి, 2020 జూలై నుంచి అది 500 డాలర్లు. ఏ దేశము పోవాలో పిల్లవాడు కోరుకొనడు, పైనుంచి పిలుపు ఉత్తరము వస్తుంది. 2024 చివరికి ఇట్లు లోకమంతటా పనిచేస్తున్నవారు డెబ్బై వేలకు పైమాటే.

మరొక చిన్న సంగతి నాకు నవ్వు తెప్పిస్తుంది. ఈ పిల్లవానిని పేరు పెట్టి పిలువరు. ఇంటిపేరుకు ముందు "ఎల్డర్" అని చేర్చి పిలుస్తారు. ఆ మాటకు మన బైబిలులో తెలుగు "పెద్ద". మన సంఘాల్లో తల నెరిసి, తగవులు తీర్చిన తరువాత గాని ఆ మాట దక్కదు. వీరికి మీసము సరిగా రాకముందే దక్కింది.

మా సాగర్ రోడ్డు వెంబడి ఇంజనీరింగు కాలేజీలు వరుసగా ఉన్నవి. అక్కడ చదివిన పిల్లలు కొందరు ఏటేటా పెట్టెలు కట్టుకొని అమెరికా విమానము ఎక్కుతారు. అదే వయస్సు పిల్లవాడు అమెరికాలోని యూటా నుంచి పెట్టె కట్టుకొని ఇటు వస్తున్నాడు. మన పిల్లవాడు పోయేది సంపాదించుటకు, ఆ పిల్లవాడు వచ్చేది ఇంటి సొమ్ము ఖర్చుపెట్టుటకు. ఎవరిది గొప్ప అని నేను తూకము వేయను. అక్కడా ఒక తల్లి కనిపెట్టుకొని ఉంటుందని మాత్రము మరువకండి.

ఇక చరిత్రలోనికి వెళ్దాము. మోర్మను మిషనెరీలు మన దేశానికి రావడము నిన్న మొన్నటి సంగతి కాదు. 1852 ఆగస్టులో సాల్ట్ లేక్ పట్టణములో ఒక ప్రత్యేక సభ జరిగింది. అందులో నూరుమందికి పైగా మిషనెరీలను లోకములోని నలుమూలలకు నియమించారు. ఇండియాకు, సయాముకు పేరు పిలువబడిన 13 మంది 1853 జనవరిలో సాన్ ఫ్రాన్సిస్కోలో "మాన్సూన్" అనే ఓడ ఎక్కి, ఏప్రిలులో కలకత్తాలో దిగారు. వీరిలో చాలామంది నేటివారివలె పడుచువారు కారు, భార్యాబిడ్డలను విడిచి వచ్చినవారు. లూకా 10వ అధ్యాయములో ప్రభువు డెబ్బదిమందిని సంచియు జాలెయు లేకుండ పంపిన రీతిగానే తామును పోవాలని నమ్మి, చేతిలో సొమ్ము లేకుండ బయలుదేరారు.

వారిలో ముగ్గురు 1853 జూలైలో మద్రాసుకు వచ్చారు. రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్, రాబర్ట్ ఓవెన్స్. బాలంటైన్ పేరు సండేస్కూలు టీచర్లు తెలుసుకోదగినది. 1849 డిసెంబరులో సాల్ట్ లేక్ లోయలో మొదటి ఆదివారపు బడిని తన ఇంటిలోనే ప్రారంభించినవాడు ఇతడు. మద్రాసులో దిగేనాటికి అతనికి 35 ఏళ్ళు.

ఆ దినాల మద్రాసును తలంచుకోండి. ఒక వీధిలో అరవము, మరొక వీధిలో తెలుగు. ఈ ముగ్గురికి రెండూ రావు. కనుక వారు ఎవరి యొద్దకు పోయారు? ఇంగ్లీషు వచ్చినవారి యొద్దకే, అనగా తెల్ల సిపాయిల యొద్దకు, ఉద్యోగుల యొద్దకు. కరపత్రాలు ఇంగ్లీషులో వేశారు. ఒక చిన్న మాసపత్రికను కూడా బాలంటైన్ నడిపాడు, అదీ ఇంగ్లీషులోనే. అంతలో అమెరికా నుంచి మరొక వార్త వచ్చింది. వారు ఎన్నుకోబడిన ఆ 1852 ఆగస్టు సభలోనే, తమలో బహుభార్యాత్వము ఉన్నదని మోర్మను నాయకులు బహిరంగముగా ప్రకటించారు. మన దేశములోని ఇంగ్లీషు పత్రికలు ఎగతాళి చేశాయి. దొరల ఇండ్ల తలుపులు మూతపడ్డాయి. కంటోన్మెంటు అధికారులు చాలాచోట్ల లోనికి రానివ్వలేదు. జాలె లేకుండ వచ్చిన మనిషికి ఆతిథ్యము ఇచ్చేవారు కరువైతే ఏమి తింటాడో ఆలోచించండి. ఆరోగ్యము చెడి బాలంటైన్ 1854లో ఓడ ఎక్కాడు. ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి, 1855లో వలసబండ్ల గుంపు ఒకదానిని నడిపించుకొని తన ఊరు చేరాడు. భూగోళమంతా చుట్టివచ్చాడన్నమాట. స్కెల్టన్ మరికొంతకాలము నిలిచాడు. 1856 నాటికి ఆ మిషనెరీలందరూ మన దేశమును విడిచిపోయారు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆపివేసే సంగతి ఒకటి ఉన్నది. బాలంటైన్ దిగిన ఆ మద్రాసులోనే, అంతకు ముందు సంవత్సరమే, 1852లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయి ఉన్నది. పరదేశికి తెలుగు నేర్పే పుస్తకాలలో అంతటిది అంతకుముందు లేదు. పనిముట్టు ఆ ఊరిలోనే ఉన్నది, పట్టుకొనేంత కాలము మాత్రము వారికి లేదు. ఆ పదముగ్గురిలో లెవీ సావేజ్ అనే మరొకడు బర్మాకు పోయి, అక్కడి భాష నేర్చుకొనుటకు చాలాకాలము శ్రమపడ్డాడు. ఫలము కనబడక ముందే అతడును తిరిగి వెళ్ళవలసి వచ్చింది. ఒక భాష రెండేళ్ళకు నోటికి వస్తుందేమో, ఒక జనము మనస్సు రెండేళ్ళకు చేతికి రాదు.

దీనికి ఎదురుగా మన ప్రొటెస్టెంటు మిషనెరీల తొలిదినాలను పెట్టి చూడండి. లండన్ మిషనెరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు యౌవనులను పంపగా, వారు 1805లో విశాఖపట్నము చేరారు. అప్పటికి బ్రౌన్ నిఘంటువు లేదు, కేరీ తెలుగు వ్యాకరణము 1814లో గాని రాలేదు, కాంబెల్ వ్యాకరణము 1816లో గాని రాలేదు. మున్షీ నోట వినుట, తాటాకు చూచుట, తప్పు పలికి నవ్వించుకొనుట, ఇదే వారి బడి. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడై, సువార్తలను తెలుగు చేయుటలో సహాయపడ్డాడు. క్రాన్ 1809లో మరణించాడు, డెగ్రాంజ్ 1810లో. తెలుగు నేల మీద వారు బ్రతికినది ఐదేళ్ళ లోపే. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడు 1812లో శ్రీరామపురములో తెలుగులో అచ్చయ్యే నాటికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఆ పని వెనుకటివారు అందుకొని, 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధనను అచ్చువేశారు.

మన మిషనెరీలు మంచివారు గనుక గెలిచారు, వారు కానివారు గనుక ఓడారు అని చెప్పుటకు ఇది వ్రాయుటలేదు. విశాఖపట్నములోను మొదట ఇంగ్లీషు దొరలకే ఆరాధనలు జరిగాయి. తేడా వచ్చినది భాషలోను, మన మనిషి తోడు నిలిచినందువల్లను. ఒంగోలు చరిత్ర మీరు ఎరుగుదురు. జాన్ క్లౌ దొర 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి బాప్తిస్మము జరిగించిన సంగతి ప్రతి బాప్టిస్టు ఇంటిలోను చెప్పుకుంటారు. దానికి పన్నెండేళ్ళ ముందు 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యను అంతగా చెప్పుకొనరు. తోళ్ళ వ్యాపారము చేస్తూ ఊరూరా తిరిగి, తన బంధువుల మధ్య, తన మాటలో సాక్ష్యము చెప్పినవాడు ఆయన. దొర రాకముందే చాలా పల్లెలకు పేరయ్య మాట చేరింది.

మోర్మను సంఘము తెలుగువారిలో వేరు తన్నినదియు ఇదే రీతిగా. 1850లలో వచ్చిన పరదేశులవలన కాదు. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే తెలుగు దంపతులు పసిఫిక్ సముద్రములోని సమోవా దీవులలో ఉండగా ఆ సంఘములో చేరారు. 1978 చివర హైదరాబాదుకు కొద్దికాలపు మిషనెరీలుగా వచ్చి, తమ బంధువులకే చెప్పారు, వారిలో అనేకులు బాప్తిస్మము తీసుకొన్నారు. ఎల్సీ గారి తండ్రి ప్రొటెస్టెంటు పాదిరిగారే. మోర్మన్ గ్రంథమును తెలుగు చేయుటకు పూనుకొన్నది ఆయనే. అందులోని ఎంపిక భాగములు 1982లో తెలుగులో వెలువడ్డాయి. 1993లో బెంగుళూరు కేంద్రముగా ప్రత్యేకమైన మిషను ఏర్పడింది. 2012 మే 27న ఇండియాలో వారి మొదటి "స్టేకు", అనగా మన డయాసిసు వంటిది, ఏర్పడినది కలకత్తాలో కాదు, మద్రాసులో కాదు, హైదరాబాదులో.

సంఘ పెద్దలు ఈ సంగతిని నిదానముగా ఆలోచించాలని నా మనవి. పేరుబిళ్ళ పెట్టుకొన్న పిల్లవానిని చూచి భయపడేవారిని నేను చాలామందిని చూచాను. ఆ పిల్లవాడు ఇరవై నాలుగు నెలలలో వెళ్ళిపోతాడు. హైదరాబాదులో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది కనుక అతనికి తెలుగులో నాలుగు మాటలు వచ్చినా గొప్పే. మన విశ్వాసి ఇల్లు మారేది అతని మాటకు కాదు. పెండ్లిలోనో, చావు ఇంటిలోనో, పక్కన కూర్చున్న సొంత మేనమామ మాటకు. ఆ మేనమామ కష్టములో ఉన్నప్పుడు మన సంఘము అతని ఇంటికి పోయిందా లేదా అనేది పరదేశి పిల్లవానిని తిట్టినందువల్ల తేలే సంగతి కాదు.

ఇంతవరకు మన గుమ్మములోనికి వచ్చినవారిని గూర్చే చెప్పాను. మన గుమ్మము దాటి పోయినవారు లేరా? ఉన్నారు. మన పిల్లలకు వారి పేరైనా తెలియదు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన "ట్రూరో" అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. నేటాలు చెరకుతోటలకు మన కూలీలను ఒప్పందము మీద తీసుకొనిపోయిన మొదటి ఓడ అది. ఆ తరువాత ఏండ్ల తరబడి ఓడలు పోతూనే ఉన్నాయి. ఐదేళ్ళ ఒప్పందము, మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగుల కూలి. ఒప్పందము ముగిసినా అక్కడే నిలిచినవారి మీద 1895 చట్టము సంవత్సరానికి 3 పౌనుల పన్ను వేసింది. అది 1914లో గాని పోలేదు. ఆ కూలీలలో మన తీరపు జిల్లాల తెలుగువారు వేలమంది, వారిలో కొందరు బాప్టిస్టు విశ్వాసులు. తమకు తెలుగులో వాక్యము చెప్పే కాపరిని పంపమని వారు స్వదేశములోని సంఘాలను వేడుకొన్నారు.

తెలుగు బాప్టిస్టు హోము మిషను వారు జాన్ రంగయ్య గారిని పంపారు. మన తెలుగు సంఘాలు, తమ కానుకలతో, సముద్రము దాటించి పంపిన మిషనెరీ. 1903లో ఆయన నేటాలు చేరి, కియర్స్‌నీ అనే చోట తేయాకు తోటల కూలీల మధ్య నిలిచాడు. ఆయన దినచర్య ఎవరూ గంటలు వేసి వ్రాయలేదు గాని ఊహించుట కష్టము కాదు. తోటలో పని తెల్లవారకముందే మొదలు, చీకటిపడితే గాని ముగియదు. కనుక కాపరి పని దీపాలవేళకు, ఆదివారానికి. ఒక తోట నుంచి మరొక తోటకు పోవాలి. తోట యజమాని సెలవిస్తే గాని లోనికి పోరాదు. అయినా బాలంటైన్‌కు లేనిది ఒకటి ఈయనకు ఉన్నది. గుడిసె ముందు నిలబడి "ఏమమ్మా, బాగున్నారా" అనగానే లోపలివారికి ఊరు గుర్తుకు వచ్చే భాష.

1903 డిసెంబరు 27న కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. 24 నెలలకు పిలుపు ముగిసి తిరిగివచ్చే ఏర్పాటు ఆయనకు లేదు. పన్నెండేళ్ళు ఆ తోటల మధ్యనే పనిచేసి 1915లో నేటాలులోనే కన్నుమూశాడు. ఆయన వెనుక అక్కడ పరిచర్య ఆగలేదు, తెలుగు సంఘాలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి.